బయటికి వినపడదు కదా?

నన్నందరూ సౌండక్క అంటారు. గ్రంథాలయంలో నా ఉద్యోగానికి వేరే పేరుంది గానీ అది నాకే సరిగ్గా గుర్తుండదు. మేడ మీది కంప్యూటర్ గది నాది. పన్నెండు కంప్యూటర్లు, వాటి స్పీకర్లు, హెడ్‌ఫోన్లు, వాటి ముందు కూర్చునే రకరకాల జనం. ఒకరు పాఠం వింటుంటారు. పక్కన ఇంకొకరు ఉద్యోగం ఇంటర్వ్యూలో చెమటలు కక్కుతుంటారు. ఆ పక్కన మూడో నంబరు తాతగారు పాత పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఎవరి గోల వాళ్ళ చెవుల్లోనే ఉండాలి, పక్కవాళ్ళ చెవిన పడకూడదు. అది చూడటమే నా పని. ఓస్ ఇంతేనా అంటారేమో, ఒక్కరోజు నా కుర్చీలో కూర్చుని చూడండి, తలప్రాణం తోకకొస్తుంది.

హెడ్‌ఫోన్ పిన్ను కాస్త వదులైతే చాలు, లోపలి మాట స్పీకర్లోంచి ఊడిపడి గదంతా తిరిగొస్తుంది. ఒకసారి ఒకావిడ డాక్టరుతో మాట్లాడుతుంటే అదే జరిగింది. మూలనున్న కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. పాపం, ఆవిడ మళ్ళీ మా మెట్లెక్కలేదు. ఆ రోజే స్పీకర్లన్నీ మ్యూట్ చేసి పారేశాను.

రోజూ సాయంత్రం కంప్యూటర్లన్నిటి సెట్టింగ్స్ మొదటికి తెచ్చెయ్యమని మా పెద్దాఫీసు ఆజ్ఞ. నేను వినలేదు. అలా చేస్తే మర్నాడు తాతగారికి పాట వినపడదు, ఒక చెవే పనిచేసే టైలరుకి సగం పాఠం పనిచెయ్యని చెవిలోకి పోతుంది, అందరూ వచ్చి నా మీద పడతారు. మా గదిలో అందరికీ ఒకే లాగిన్, కానీ ఎవరి కుర్చీ వాళ్ళకి అలవాటు. అందుకని ఎవరు పెట్టుకున్నవి అలాగే ఉండనిచ్చాను. ఎవరైనా సొంత వైర్‌లెస్ హెడ్‌ఫోన్ తెచ్చి కలుపుకుంటే ఆ పేరు కూడా తీసెయ్యను. మర్నాడు వాళ్ళు వచ్చి చెవిలో పెట్టుకోగానే దానంతటదే కలుస్తుంది. ఇంత సుఖం ఇంకెక్కడుందో చూపించండి! మా గ్రంథాలయాధికారి పెద్దసారు "నీ ఇష్టం తల్లీ, రేపేదన్నా అయితే నన్ను లాగకు" అని చేతులు దులుపుకున్నారు.

పొద్దున తలుపు తియ్యగానే ఒక హెడ్‌ఫోన్ మెడలో వేసుకుని ఒకటో నంబరు నుంచి పన్నెండో నంబరు దాకా తిరుగుతాను. ఎడమ మోగిందా, కుడి మోగిందా, మైకు పలుకుతోందా. నా కౌంటర్ మీది కంప్యూటర్ని మాత్రం ఎప్పుడూ చూడను. దాని ముందు కూర్చునేది నేనేగా.

ఇక పదకొండో నంబరమ్మాయి సంగతి. పదకొండు గోడవైపు తిరిగి ఉండే మూల కుర్చీ. ఆ పిల్ల మధ్యాహ్నం పూట, గది పల్చబడ్డాక వచ్చేది. కుడి మణికట్టు పూర్తిగా తిరగదు, ఎడమ చేత్తో ఒక్కో అక్షరం ఏరుకుంటూ టైపు చేసేది. కూర్చోగానే హెడ్‌ఫోన్ పెట్టుకుని, మళ్ళీ తీసి, నావైపు తిరిగి అడిగేది.

"అక్కా, బయటికి వినపడదు కదా?"

"చీమక్కూడా వినపడదు. నువ్వు మాట్లాడుకో."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. నాకు విసుగొచ్చి ఒకరోజు కసిరాను. "నా మీద అంత నమ్మకం లేకపోతే నీ ఫోన్లోనే మాట్లాడుకోవచ్చుగా తల్లీ!"

ఆ పిల్ల కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. "నా ఫోన్ రోజూ మా ఆయన చూస్తాడక్కా" అంది.

అప్పుడు బయటపడింది అసలు విషయం. కంప్యూటర్ నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పి వస్తోంది. మాట్లాడేది వాళ్ళక్కతో. ఆ అక్క ఇంట్లోవాళ్ళకి ఇష్టంలేని పెళ్ళి చేసుకుని ఎప్పుడో వెళ్ళిపోయింది, ఏ ఊళ్ళో ఉందో ఎవరికీ తెలియదు. బడికెళ్ళే కూతుర్ని తీసుకుని అక్కడికి చేరిపోవాలని ఈ పిల్ల ఆలోచన.

"మరి ఆ చెయ్యి?" అని అడిగాను.

"ఇంతకుముందొకసారి వెళ్ళిపోయానక్కా. మా స్నేహితురాలింట్లో ఉంటే వచ్చాడు. అందరిముందూ ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నావ్! వాళ్ళే నాకు నచ్చజెప్పి పంపించారు. ఇంటికెళ్ళాక ఇలా అయింది." మణికట్టు రెండో చేత్తో మూసుకుంది. "ఇంకోసారి వెళ్తే పాప నీకు కనిపించదు అన్నాడు. నవ్వుతూనే అన్నాడక్కా. గొంతు కూడా పెంచలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాడెవడో నా ఎదుటకొస్తే నాలుగు దులిపేసేదాన్ని. నాకు చేతనైంది సౌండు ఒక్కటే కాబట్టి ఆ రోజు నుంచి పదకొండు మీద మరింత కన్నేసి ఉంచాను. పిన్ను గట్టిగా ఉందా, స్పీకరు మ్యూట్‌లో ఉందా అని ఆ పిల్ల వచ్చేముందు మళ్ళీ చూసేదాన్ని. వాళ్ళక్క గట్టి మనిషి. అడ్రసు ముందే చెబితే భయంలో నోరు జారతావు, బయల్దేరేముందు చెబుతాలే అందట. శభాష్ అనుకున్నాను.

పేపరాయన మా గదికి రావడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. పొద్దునపూట పదకొండులో కూర్చుని ఏవో పాఠాలు వినేవాడు. మధ్యాహ్నం వెనక మెట్లమీదుగా మళ్ళీ వచ్చి అద్దం గోడకి అవతల, హాల్లో పత్రికల బల్ల దగ్గర కూర్చునేవాడు. ఎంత పద్ధతైన మనిషనుకున్నారు! లేచేటప్పుడు కుర్చీ లోపలికి జరుపుతాడు. పేపరు అంచులు కలిపి, మడత పెట్టి, తీసినచోటే పెడతాడు. గ్రంథాలయంలో పనిచేసేవాళ్ళకి పేపరు మడతపెట్టే మనిషి దేవుడితో సమానం.

ఒకరోజు వినయంగా వచ్చి అడిగాడు. "మేడమ్, ఒకే కంప్యూటర్లో సౌండు ఇద్దరికి వినపడేలా చెయ్యొచ్చాండీ? నేనూ మా ఆవిడా కలిసి పాఠాలు విందామని."

అడిగిందే తడవు నేర్పించాను. నా విద్య చూపించుకునే అవకాశం వస్తే వదులుతానా? వైరున్న హెడ్‌ఫోన్ ఒకరికి, వైర్‌లెస్ది ఒకరికి. సెట్టింగ్స్ లోపల ఒక గడి ఉంటుంది. దానికి టిక్కు పెడితే ఇక్కడ వినపడేదంతా రెండోదాంట్లోకి కూడా వెళ్తుంది. "ఇద్దరికి పంచితే సౌండు కాస్త సన్నబడుతుందండీ, మా మిషన్ల గుణం అంతే" అని కూడా చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న డబ్బా తీశాడు. అందులో తెల్లటి ఇయర్‌ఫోన్లు రెండు. కలపగానే తెరమీద పేరు కనిపించింది. బుజ్జి.

"మా పాప పేరు పెట్టానండీ" అన్నాడు.

నా మనసు కరిగిపోయింది. ఇంటికెళ్ళి మా ఆయనతో దెబ్బలాడాను కూడా. మొగుడంటే అలా ఉండాలి, నాతో కలిసి ఏనాడైనా ఒక్క పాట విన్నావా అని. మా ఆయన తెల్లమొహం వేశాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం పదకొండో నంబరమ్మాయి చెయ్యెత్తి పిలిచింది. "అక్కా, మా అక్క గొంతు ఈ మధ్య సన్నగా వస్తోంది. కాస్త చూస్తావా?"

వాళ్ళక్కని ఒక్క నిమిషం ఆగమంది. నేను వంగి సౌండ్ సెట్టింగ్స్ తెరిచాను. పైన వైరు హెడ్‌ఫోన్. దానికింద ఎప్పుడెప్పుడో ఎవరెవరో కలుపుకున్న పేర్లు, అన్నీ మసకగా. అన్నిటికన్నా కింద ఒక్కటి మాత్రం మసకగా లేదు. బుజ్జి. పక్కనే, కనెక్ట్ అయింది.

ముందు చిరాకేసింది. పేపరాయన పొద్దున టిక్కు తియ్యడం మర్చిపోయాడు కాబోలు, ఇంత నేర్పినా ఇంతేనా అనుకున్నాను. మరుక్షణం తట్టింది. ఆ ఇయర్‌ఫోన్లు ఇంట్లో ఉంటే కనెక్ట్ కావు. డబ్బాలో పెట్టి మూసినా కావు. అవి ఇక్కడే, ఎవరి చెవుల్లోనో ఉన్నాయి.

తలెత్తి అద్దం అవతలికి చూశాను. పేపరాయన పేపరు చదువుతున్నాడు. నేను భోజనం చేసొచ్చినప్పుడు ఏ పేజీ తెరిచి ఉందో అదే పేజీ తెరిచి ఉంది.

సౌండు సరిచూడటానికి సెట్టింగ్స్‌లో రెండు బొమ్మలుంటాయి, ఎడమ, కుడి. ఏది నొక్కితే ఆ వైపు చెవిలో టింగ్ మంటుంది. నేను రోజూ చేసే పనే కాబట్టి ఎవరూ అనుమానించరు. సౌండు కాస్త పెంచి ఎడమ నొక్కాను. ఆయన చెయ్యి పేపరు వదిలి ఎడమ చెవి మీదికి వెళ్ళింది. కుడి నొక్కాను. చెయ్యి కుడి చెవి మీదికి వెళ్ళింది. ఆయన తలెత్తలేదు, ఇటు చూడలేదు. చెవి తడుముకుని మళ్ళీ పేపరు పట్టుకున్నాడు.



"తల తిప్పకు" అని ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. మానిటర్ ఆర్పేశాను. నల్లబడిన తెరలో మా వెనకున్న హాలంతా కనిపించింది. "అందులో చూడు. బల్ల దగ్గర పేపరు పట్టుకున్నాయన నీకు తెలుసా?"

చూసింది. చాలాసేపు చూసింది. నా చేతికింద ఆ భుజం గట్టిపడిపోయింది.

"మా ఆయన" అంది.

ఛీ, నా బుద్ధి తగలెయ్య! టిక్కు ఎక్కడ పెట్టాలో దగ్గరుండి చూపించింది నేనే. అది అక్కడ అలాగే ఉండిపోయేలా గది నడుపుతున్నదీ నేనే. పొద్దున తను కూర్చుని పెట్టి పోతాడు, మధ్యాహ్నం భార్య వచ్చి అదే కుర్చీలో కూర్చుంటుంది. ఇన్నాళ్ళూ చీమక్కూడా వినపడదని ఆ పిల్లకి నేనిచ్చిన భరోసా ఇది.

ఏడవడానికి టైము లేదు. "విను" అన్నాను. "కంప్యూటర్లోంచి వచ్చేదే ఆయనకి వినపడుతుంది. అంటే మీ అక్క మాటలు. నువ్వనేవి మైకులోంచి అటు పోతాయి, ఆయన దాకా రావు. అర్థమైందా? ఇన్నాళ్ళూ నిన్నేమీ అనలేదంటే దేనికోసం ఆగాడో ఆలోచించు."

"అడ్రసు" అంది. "అక్క అడ్రసు చెప్పేదాకా ఆగాడు."

టిక్కు తీసేస్తే తెలిసిపోతుంది. లేచి పారిపోతే తెలిసిపోతుంది. పోలీసుల దగ్గరికెళ్ళి ఏమని చెప్పాలి, ఒక పెద్దమనిషి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పేపరు చదువుతున్నాడనా? మానిటర్ వెలిగించాను. ఆ పిల్ల ఒంటి చేత్తో ఏరుకునేసరికి ఆలస్యమవుతుందని కీబోర్డు నేనే లాక్కుని వాళ్ళక్కకి టైపు చేశాను. ఆయన నీ మాట వింటున్నాడు. గొంతు మార్చకు. దొంగ అడ్రసు చెప్పు, శనివారమని చెప్పు.

హెడ్‌ఫోన్ ఒక బుర్ర నా చెవికి ఆనించుకున్నాను.  అటువైపు వాళ్ళక్క దగ్గింది.

"సరేనే, ఇంక ఎన్నాళ్ళని దాచను? రాసుకో. శనివారం పొద్దున రైలెక్కు. రేవు స్టేషన్లో దిగు. ఎదురుగా లాడ్జీలుంటాయి, వాటి వెనక వీధిలో రెండో ఇల్లు. బుజ్జికి స్వెట్టర్ తీసుకురా, ఇక్కడ చలి ఎక్కువ."

అబ్బ, ఏం చెప్పింది! స్వెట్టర్ సంగతి విని నాకే నిజమనిపించింది. అద్దం అవతల ఆయన పేపరు అంచులు కలిపాడు, మడత పెట్టాడు, తీసినచోటే పెట్టాడు. కుర్చీ లోపలికి జరిపి వెళ్ళిపోయాడు.

శనివారానికి ముందే, ఒక మామూలు రోజున, ఆ పిల్ల బడి దగ్గరికెళ్ళి కూతుర్ని తీసుకుని అటునుంచటే బస్సెక్కాలని అనుకున్నాం. చివరిసారి వచ్చినప్పుడు నా చేతులు పట్టుకుని వదల్లేదు. "చేరాక నాకొక్క మాట చెప్పాలి, లేకపోతే నాకు తిండి సయించదు" అన్నాను. "ఫోన్లు వద్దు, ఎవరి ఫోన్లో ఏం కనిపిస్తుందో. మా కౌంటర్ కంప్యూటర్‌కి కాల్ చెయ్. దాని దగ్గర నేను తప్ప ఎవరూ కూర్చోరు."

"అలాగేనక్కా" అంది. మెట్లు దిగుతూ కూడా వెనక్కి చూసింది.

తర్వాత పేపరాయన కొన్నాళ్ళు కనిపించలేదు. రేవు స్టేషన్ ఎదురుగా ఇల్లిల్లూ తిరుగుతుంటాడులే, తిరగనీ, కాళ్ళరిగేలా తిరగనీ అనుకున్నాను. పదకొండులోంచి బుజ్జి పేరు తీసేశాను. మిగతా అన్నిట్లోనూ వెతికి, లేదని చూసుకుని, చేతులు కడుక్కున్నాను.

ఆయన తిరిగొచ్చిన రోజు గడ్డం మాసి ఉంది. అయినా అదే మర్యాద. నేరుగా నా కౌంటర్ దగ్గరికొచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. "మేడమ్, ఒక ప్రింటు కావాలండీ."

తెరిచాను. రెండు జడల పాప, ముందు పన్ను ఊడింది, నవ్వుతోంది. పైన పెద్ద అక్షరాలతో కనబడుట లేదు అని ఉంది.  మొహం మాత్రం మామూలుగా పెట్టి "అయ్యో, మీ పాపేనా?" అన్నాను.

"అవునండీ. గోడలకి అంటించాలి, కాస్త మందం కాగితం దొరుకుతుందా?"

మందం కాగితం వెనక గదిలో బీరువాలో ఉంటుంది. వెళ్ళి వెతికి తెచ్చాను. వచ్చేసరికి ఆయన చేతులు కట్టుకుని కౌంటర్ ముందు నిలబడి ఉన్నాడు. కాగితాలు తీసుకుంటూ "మీరు చాలామందికి సాయం చేస్తారని విన్నానండీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

ఆ మాటకే నాకు వెలగాల్సింది. వెలగలేదు. రైలు స్టేషన్ దగ్గర తననలా తిప్పిందెవరో ఆయన అప్పటికే లెక్కగట్టుకున్నాడని, ఆ పిల్ల జాడ ఇంకెక్కడా దొరకలేదు గనక నా దగ్గరికొచ్చాడని నాకు తట్టనే లేదు. ఆయన మళ్ళీ రోజూ వచ్చి పత్రికల బల్ల దగ్గర కూర్చోవడం మొదలెట్టాడు. తెల్ల ముక్కలు చెవుల్లో పెట్టుకునేవాడు. పెట్టుకో నాయనా, ఇంక ఏం వింటావో విను అని లోపల్లోపల నవ్వుకున్నాను. ఎంత పొగరు నాకు!

ఒక మధ్యాహ్నం కౌంటర్ కంప్యూటర్ మోగింది. గబగబా హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను.

"అక్కా, నేనే!" అంది పదకొండో నంబరమ్మాయి. గట్టిగా అంది. ఆ పిల్లకి అంత గొంతుందని నాకు అప్పటిదాకా తెలియదు. "చేరిపోయామక్కా! ముందే చేద్దామనుకున్నా, భయమేసి ఆగా. ఇక్కడ ఎంత గట్టిగా మాట్లాడుకుంటున్నామో తెలుసా? పొద్దున పాపా నేనూ అరిచి అరిచి నవ్వుకున్నాం. ఎవ్వరూ ఏమనలేదు."

నాకు కళ్ళు చెమర్చాయి. "నోరు కట్టేసుకుని ఎలా ఉన్నావే ఇన్నాళ్ళూ!" అన్నాను.

వాళ్ళక్క అందుకుంది. మీ రుణం తీర్చుకోలేమండీ, మీరు ఒక్కసారి మా ఇంటికి రావాల్సిందే అంది. ఊరి పేరు చెప్పింది. బస్టాండులో దిగి ఏ వైపు తిరగాలో, ఏ వీధో, పాలబూత్ పక్కన పచ్చగేటు ఇల్లు ఏదో, పై అంతస్తుకి మెట్లు ఎటుంటాయో అన్నీ చెప్పింది. పాప కూడా వచ్చింది. "సౌండత్తా, నేను కొత్త బళ్ళో చేరా!" అని అరిచింది. ఏ బడో కూడా చెప్పింది.

ముగ్గురూ అంత గట్టిగా మాట్లాడుతున్నా నాకు మాత్రం సన్నగా వినపడుతోంది. ఈ మిషన్‌కేం రోగం అనుకుంటూ, పాప మాటలకి ఊఁ కొడుతూ, సౌండ్ సెట్టింగ్స్ తెరిచాను.

పైన నా హెడ్‌ఫోన్. దాని కింద ఇంకొక్కటే పేరు.

బుజ్జి. కనెక్ట్ అయింది. నేను మందం కాగితం వెతుకుతున్నప్పుడే కలుపుకున్నాడన్నమాట.

అద్దం అవతలికి చూశాను. ఈసారి ఆయన పేపరు పట్టుకుని లేడు. పేపరు బల్ల మీద ఉంది. చెవి మీద వేలు పెట్టుకుని నావైపే చూస్తున్నాడు.

"అక్కా?" అంది ఆ పిల్ల. "ఏంటి మాట్లాడవు? ఉన్నావా?"

నా నోరు పెగల్లేదు. ఆ మౌనం ఆ పిల్లకి తెలుసు, జీవితమంతా అలాంటి మౌనాల మధ్యే బతికింది. గొంతు ఒక్కసారిగా పడిపోయింది. పదకొండో నంబరు దగ్గర కూర్చున్నప్పటి పాత గొంతు వచ్చేసింది.

"అక్కా... బయటికి వినపడదు కదా?"

ఆ మాట కూడా ఆయన విన్నాడు. విని, పేపరు తీసుకుని అంచులు కలిపాడు. మడత పెట్టాడు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి డబ్బాలో పెట్టి మూశాడు. నా తెరమీద ఆ పేరు మసకబారింది. కుర్చీ లోపలికి జరుపుతూ నాకు తలవంచి నమస్కారం లాంటిదేదో చేసి, వెనక మెట్లవైపు నడిచాడు.

"వినపడిందమ్మా" అన్నాను. "ఆయనకి వినపడింది, అంతా. నా దగ్గర్నుంచే. సామాన్లు చూసుకోవద్దు. పాపని తీసుకుని మీ అక్కతో సహా ఇప్పుడే ఆ ఇంట్లోంచి బయటపడు. ఎక్కడికెళ్తున్నావో ఎవ్వరికీ చెప్పకు. నాకస్సలు చెప్పకు."

 అటునుంచి కుర్చీ పడిన చప్పుడైంది. ఎక్కడికమ్మా అని పాప అడుగుతోంది, మళ్ళీ మళ్ళీ అడుగుతోంది. వాళ్ళమ్మ చెప్పే జవాబు నా చెవిన కూడా పడకూడదని నేను హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టేశాను.